కన్యాకుమారి నుంచి పైకి

రాజులు కొలువు తీరేముందు శంఖం ఊదించేవారు. యుద్ధానికి ముందు నగారా మోగించేవారు. సోగత్తూరు యోగలక్ష్మి టీచర్ ప్రశ్న అడిగేముందు డస్టరుతో గోడను మూడుసార్లు కొట్టేది. మొదటి రెండు ఆచారాలూ కాలగర్భంలో కలిసిపోయాయి. మూడోది నిలిచింది. తమిళనాడు ధర్మపురిలో ఒక ప్రైవేటు బడిలో ఆ చప్పుడుకు తండ్రులు ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నారు, తర్వాత వాళ్ళ పిల్లలూ కూర్చున్నారు. అయితే ఆ చప్పుడుకు గోడ బదులు పలకడం మాత్రం ఈ వేసవిలోనే మొదలైంది.

ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడే చిన్నవయసువాళ్ళు దొరికాక బడి ఆమెకు శాలువా కప్పి ఇంటికి పంపింది. ఆమెకు ఇంట్లో మాట తెలుగు, బడిలో పాఠం తమిళం, తెలుగులో రాయడం మాత్రం రాదు. ఇందులో వింతేమీ లేదు, ఊళ్ళో సగంమంది అంతే. మొరప్పూర్‌లో ఎరువుల కొట్టు నడిపే తమ్ముడు లోకనాథన్ తన ఇంటికి వచ్చేయమని పోరుతూనే ఉన్నాడు. అక్కడ ఆమెకు గది ఉంది, ఫ్యాను ఉంది, మర్యాద కూడా ఉంది. కానీ ఆ ఇంట్లో ఆమె అక్క, వదిన, అత్త. టీచర్ మాత్రం కాదు. చివరికి సంధి కుదిరింది: ఈ వేసవిలో చిన్నపిల్లలకు సైన్సు, సోషల్ మళ్ళీ చదివించే తరగతి పెడుతుంది. అది నిలబడితే సోగత్తూరులోనే ఉంటుంది. పిల్లలు రాకపోతే పెట్టె సర్దుకుంటుంది.

తరగతికి దొరికిన చోటు ఊళ్ళో రైతు చిక్కప్పగారి పాత పట్టుపురుగుల షెడ్డు. పురుగుల పెంపకం మానేశాక మధ్యలో గోడ లేపి దాన్ని రెండు చేశారు. ఈ సగంలో పిల్లలు. ఆ సగానికి వాకిలి వెనక సందులో ఉంది. ఏళ్ళ తరబడి తాళం తప్ప అక్కడ ఏమీ లేదని టీచరు నమ్మకం. ఈగలు రాకుండా కిటికీలకు కొట్టిన నల్ల వలలోంచి మే నెల ఎండ బూడిదలా రాలేది. మధ్యగోడలో, నేలకు మూరెడెత్తున, ఒక సిమెంటు జాలీ. దాన్ని చూస్తే అదీ మనల్ని చూస్తున్నట్టుండేది. అందుకని టీచర్ దానిమీదుగా తమిళనాడు పటం వేలాడదీసింది. చినిగిన పటాన్ని పాత పంచెకు తానే అంటించి బాగుచేసుకున్నది.

మొదటివారం నిక్షేపంగా నడిచింది. రెండోవారం ఒకరోజు టీచర్ గోడ కొట్టి అడిగింది: "ప్రాణం ఉండేవాటి గుర్తులు ఎవరు చెప్తారు?"

ఎవరూ చెప్పలేదు. గోడ మాత్రం అవతలినుంచి దబ్బుమని చెప్పింది.

"ఎలుక," అంది టీచర్.

"అంత లావు తలకాయ ఎలుకకు ఎట్లుంటాది టీచర్?" అన్నాడు సెంథిల్‌కుమార్. నాలుగో తరగతి పూర్తిచేసినవాడు, అనుమానాలలో ఎం.ఏ.

మరునాడు పొద్దున వచ్చి చూస్తే పటంలో కన్యాకుమారి లేదు. చించిన గుర్తు లేదు. అక్కడ పంచెగుడ్డ తెల్లగా, తడిగా, వేలు పెడితే గోరువెచ్చగా ఉంది.

ఆ మరునాడు తిరునల్వేలి పోయింది. తిరునల్వేలి నుంచి వచ్చి ఇక్కడ మిఠాయి కొట్టు పెట్టుకున్నవాళ్ళ పిల్ల కనిమొళి తరగతి మానేసింది. మదురై మాయమైననాడు మదురైలో మేనమామ ఉన్న కుర్రాడు మానేశాడు. తిరుచ్చి కూడా పోయాక మానేయడానికి ఏ మామా అక్కర్లేకపోయింది. అది ఎటు వస్తున్నదో పటం చూసినవాళ్ళకు తెలుస్తూనే ఉంది. సోషల్‌లో దిక్కులు రాని పిల్లలు సైతం ఉత్తరం ఎటో ఆ వారం నేర్చుకున్నారు.

"సేలం అయినాక మనమే కదా టీచర్?" అన్నాడు సెంథిల్‌కుమార్.

అప్పుడు తనుజ నోరు విప్పింది. చిక్కప్పగారి మనవరాలు, ధర్మపురి టౌనులో పెరిగి సెలవులకు వచ్చిన పిల్ల. "మా అవ్వ చెప్పింది టీచర్. లోపల పేయి ఉండాదంట."

పేయి అంటే తమిళంలో దెయ్యం. మిగిలిన పిల్లలు పలకలు ఒళ్ళోకి లాక్కున్నారు.

"దానికి అమ్మ లేదంట. అమ్మ కోసరం అరిచి అరిచి గొంతు పోయినాదంట. పక్కన పోతే పొడుస్తాదంట. పేరు సరసు."

"పేయికి పేరు ఎవరు పెట్టినారే?" అన్నాడు సెంథిల్‌కుమార్.

"మా అవ్వే."

టీచర్ దెయ్యాలను నమ్మదు. నమ్మనని నిరూపించడానికి జాలీ దగ్గర వంగి చెవి పెట్టింది. అవతల చీకట్లో ఎవరో పొడుగ్గా ఊపిరి పీల్చి వదిలారు. ఆ గాలి ఆమె చెంపకు తగిలింది. శ్వాసిస్తుంది. కదులుతుంది. తట్టితే స్పందిస్తుంది. పాఠం ప్రకారం దానికి ప్రాణం ఉంది. పాఠం అంతకుమించి ఏమీ చెప్పలేదు. లేచి కొంగుతో చెంప తుడుచుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో అటకమీది పెట్టె దించి, తెరవకుండా దానివైపే చూస్తూ కూర్చుంది.

శనివారం లోకనాథన్ వచ్చేసరికి తరగతిలో తనుజ, సెంథిల్‌కుమార్ మిగిలారు. ఒకరు షెడ్డువాళ్ళ మనవరాలు గనక, ఒకరు చివరికేమవుతుందో చూడాలి గనక.

"ఇదేనా క్లాసు?" అన్నాడు తమ్ముడు గుమ్మంలో నిలబడి.

టీచర్ ఇంకేమీ తోచక డస్టరు తీసి మూడుసార్లు కొట్టింది. అవతలినుంచి దబ్బు, దబ్బు. గాలి లేదు, వల కదలడం లేదు. పటం మాత్రం కదిలింది. దాని అడుగంచు నెమ్మదిగా, ఎవరో కొంగు పట్టుకుని లాగినట్టు, జాలీలోకి పోయింది. అందరూ చూస్తుండగా సేలం మడతపడి చీకట్లోకి వెళ్ళింది. చప్పరిస్తున్న చప్పుడు.

"అక్కా," అన్నాడు లోకనాథన్ సన్నగా, "పెట్టె సర్దు, పోదాం."

పెట్టె అన్నమాటకు ఆమెకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. గోడను దబదబా బాదింది. తరగతిలో ఎన్నడూ వాడని ఇంటి తెలుగులో అరిచింది: "ఎవరమ్మా నువ్వు? నీకేం కావాల?"

"నేనే, తనుజ అవ్వను, హొన్నమ్మని!" అంది గోడ. "గోడ కొట్టేది నిలపండి తల్లీ! తవుడు బొక్కెన కొట్టి పిలస్తా నేను. అదే అనుకొని ఇది తలకాయ పగలగొట్టుకొంటాది!"

"ఏది?"

"పెయ్య! ఏరియూరు నుంచి తెచ్చినాము, తల్లి లేని పెయ్య. ఎండకు తాళదని ఈడ కట్టినాము. గుడ్డ దొరికితే చాలు, పాలనుకొని చీకుతాది. పాపకు చెప్పినానే, పెయ్య ఉండాది, పోవద్దని!"

అందరూ తనుజను చూశారు.

"అదే కదా నేనూ చెప్పినాను!"

"పెయ్య అంటే ఆవుదూడే, మొద్దూ," అంది టీచర్.

"కన్నుకుట్టియా?" తనుజకు తెలిసిన తమిళ మాట అది. "అట్ల చెప్పాల్సింది కదా అవ్వా!"

సోమవారం షెడ్డు నిండింది. సరసును చూడటానికి వచ్చిన పిల్లలు పాఠానికీ కూర్చున్నారు. ప్రాణం ఉన్నవాటి గుర్తులు దాని మీదే చదివారు. లోకనాథన్ ఒక్కడే మొరప్పూర్ బస్సెక్కాడు.

పటం అక్కడే ఉన్నా సరసు మన ధర్మపురిని ఎందుకు వదిలిందని ఊళ్ళో చాలా చర్చ జరిగింది. ముసలివాళ్ళు ఊరి దేవత మహిమ అన్నారు. టీచర్ పటం వైపు చూసి నవ్వుకుంది. పటాన్ని పంచెకు ఆమె కిందినుంచి మైదా గంజితో అంటిస్తూ వచ్చింది. గంజి సేలం దగ్గర అయిపోయింది. ధర్మపురి నుంచి పైకి సెల్లోటేపు.