ఎల్లేశం ఆటో నంబరు 7919

గోదావరిఖనిలో ఎల్లేశాన్ని ఎరగనివాళ్లంటే షేర్ ఆటో ఎక్కనివాళ్లే. 2006లో కొత్త బండి కొంటే వరుసలో వచ్చిన నంబరు 7919. అంకెలు కూడితే ఇరవై ఆరు, మళ్లీ కూడితే ఎనిమిది. ఎనిమిదంటే శని. బాయిలోకి దిగి బొగ్గు తవ్వే మనుషులు పొద్దున్నే శని బండి ఎక్కుతారా? పక్క ఆటోలో ఇరుక్కుని వేలాడేవారు గానీ ఇటు తిరిగేవారు కాదు. చివరికి భార్య సారక్క కూడా అంగడికి నడిచే వెళ్లేది. ఎల్లేశానికి అదే ఎక్కువ కష్టంగా ఉండేది.

నేను వాళ్ల పక్క క్వార్టర్‌లో లెక్కల టీచర్ని. శని మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

"ఇది ప్రధాన సంఖ్యయ్యా! ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ దీన్ని శేషం లేకుండా భాగించలేదు. ప్రధాన సంఖ్యల్లో సరిగ్గా వెయ్యోది," అన్నాను ఎల్లేశంతో.

"అంటే ఎవ్వలు ఇరగ్గొట్టలేరా టీచరమ్మా?"

"లేరు."

బాయిలో పైకప్పు విరగకూడదనే కదా అందరి మొక్కూ! మర్నాడే బండి వెనక రాయించాడు: '7919ని ఇరగ్గొట్టినోళ్లకు జిందగీ అంతా ఫ్రీ.'

ఉచితమంటే శనినైనా మర్చిపోతారు. ఎక్కారు. చౌరస్తా నుంచి బాయి దాకా భాగహారాలే. ఏడుతో రెండు మిగిలింది, పదమూడుతోనూ రెండే. ఓ పొద్దున సదయ్య అనే కార్మికుడు ముప్పై ఏడుతో పోయిందని కేకపెట్టి ఆటో ఆపించాడు. సరిచూస్తే ఒకటి మిగిలింది. అందరూ నవ్వుతుంటే పాపం మొహం మాడిపోయింది.

"ఏడువేల దాంక చూడాల్నా టీచరమ్మా?" అని ఆ సాయంత్రం సదయ్య మా ఇంటికొచ్చి నన్నడిగాడు.

"ఎనభై మూడు దాకా ప్రధాన సంఖ్యలు చూడు, చాలు. ఎనభై తొమ్మిదిని ఎనభై తొమ్మిదితో హెచ్చిస్తేనే 7921, నంబరు దాటిపోతుంది. పెద్దదేదైనా భాగిస్తే దాని జత చిన్నది ముందే దొరికి ఉండేది."

బండి నిండింది. సారక్క మాత్రం ఎక్కలేదు. "మా అన్న కాలిరిగింది ఎనిమిదో తారీకునే. మీకేం, మీరు సదువుకున్నోళ్లు," అంది. నాకు కోపం రాలేదు. జాలేసింది.

ఓ ఆదివారం బొగ్గుముక్కతో మా గచ్చు మీద తనే లెక్క మొదలుపెట్టింది. మిగతా అంకెల జోలికి పోకుండా నేరుగా ఎనిమిదితోనే భాగించింది. ఏడు మిగిలింది. చెరిపి మళ్లీ చేసింది. మళ్లీ ఏడే.

"టీచరమ్మా, శనితోని గూడ ఇరగలే!"

బేసి సంఖ్య ఎనిమిదితో ఎలా పోతుందని అనబోయి నోరు మూసుకున్నాను. ఆమె చేతులు దులుపుకుని వెళ్లి, వాకిట్లో బయల్దేరబోతున్న ఆటోలో మొగుడి పక్కనే కూర్చుంది.

"ఇరగ్గొట్టినోళ్లకే ఫ్రీ. నువ్వు కిరాయి ఇయ్యాలె," అన్నాడు ఎల్లేశం.

"ఇస్త తియ్యి, జల్ది పోనియ్," అంది సారక్క.