వకీల్ సాబ్ సంతకం

నెల్లూరు కోర్టులో పదేళ్లు వాదించిన షాహుల్ గారు దుబాయ్ సోనాపూర్‌లోని కూలీల క్యాంపులో మాకు క్యాంప్ బాస్‌గా వచ్చారు. మూడొందలమంది కూలీల మీద పెత్తనం చేతికొచ్చినా వకీలు బుద్ధి పోలేదు. ఏ కాగితమైనా మాకు తెలుగులో చదివి వినిపించాకే వేలిముద్ర వేయనిచ్చేవారు. పొద్దున్నే బస్సు హారన్ కొడుతుంటే ఈయన చాదస్తమేంటని పళ్లు నూరేవాళ్లం.

2020లో ఆయనకు కరోనా సోకింది. జ్వరంతో మూలుగుతుంటే కంపెనీ మనిషి ఇంగ్లీషు కాగితమొకటి చేతికిచ్చి సంతకం అడిగాడు. ఆయన చూడకుండానే పెన్ను ఎత్తారు. పక్క మంచం మీద క్వారంటైన్‌లో ఉన్న మా తోటి కూలీ ఓదెలుకు అక్షరం ముక్క రాదు. అతనే ఆ పెన్ను లాగేసుకున్నాడు.

"ఆగుండ్రి వకీల్ సాబ్! సదవకుంట పెడ్తరా?"

అప్పుడు షాహుల్ గారు చదివితే అది ఆయన రాజీనామా. సంతకం పడుంటే ఉద్యోగం ఖలాస్.

ఇప్పుడు తన కాగితమేదైనా షాహుల్ గారు ముందు ఓదెలుకు చదివి వినిపిస్తారు. తర్వాతే సంతకం.