పట్టెడకు కుట్టిన నీలిపూసలు

నిన్న నంద్యాల బజారులో ఒక ఆటోకు దిష్టి తగలకుండా కట్టిన నీలిపూసల దండ చూసి నా కాళ్లు ఆగిపోయాయి. నా ఈడు వాళ్లకు గుర్తుందా, మన ఇళ్లల్లో ఎంత నీలం ఉండేదో! నీలిమందు కలిపి సున్నం కొట్టిన గోడలు, నాయన పంచెల మీద సరిగా కలవని నీలిమందు మచ్చలు, ఇంకుబిళ్ల కరిగించిన మన వేళ్లు. ఇప్పటికీ నా చీరల్లో సగం నీలమే.

కానీ అన్నిటికన్నా అందమైన నీలం మా కోడెదూడ మెడలో ఉండేది. 1950ల్లో, నా చిన్నప్పటి సంగతి. తిరునాళ్లలో గాజులు వద్దని పోరి నీలిపూసలు కొనిపించుకుని, దాని మెడపట్టెడకు నేనే కుట్టాను.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి కొట్టం ఖాళీ.

"దూడ యాడ నాయనా?"

"ఆళ్లగడ్డలో మీ అత్తోళ్లకాడికి తోలినాలేమ్మా. ఆడ మేత బాగుండాది. వానలు పడినాంక వస్తాది."

నమ్మాను. కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే గుంజకు పట్టెడ వేలాడుతోంది, నా పూసలతో సహా. మేతకు తోలిన పశువు పట్టెడతోనే పోతుంది. అమ్మితేనే పట్టెడ విప్పి ఇంట్లో ఉంచుకుంటారు. ఆ ఆచారం నాకూ తెలుసని నాయన మరిచిపోయాడు.

అమ్మినానని నా ముఖం చూసి చెప్పి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని.

మరుసటేడు ఇంకో దూడ పుట్టింది. నాయనే కొత్త నీలిపూసలు తెచ్చాడు.

"కట్టమ్మా, నీకిష్టం గదా."

"దీన్ని ఎప్పుడు తోల్తావు నాయనా, అత్తోళ్లకాడికి?"

 నాయన పూసలను పంచె కొంగున ముడేసుకుని చేనికి వెళ్లిపోయాడు.