గాలి ఎటునుంచి వస్తది?

సూర్యాపేటలో మా షాపులో చిమ్నీలు అమ్మేది నేను, బిగించేది రవీందర్. నాది నోటి పని, వాడిది చేతి పని. ఈ రోజుల్లో వంటింటి పొగ బయటికి పోవాలని చిమ్నీ కొనేవాళ్లు తక్కువ, ఎదురింట్లో ఉంది కాబట్టి కొనేవాళ్లే ఎక్కువ. అద్దం మెరుస్తోందా, చెయ్యి ఊపితే ఆన్ అవుతోందా అని చూస్తారు. రంగు గురించి మొగుడూ పెళ్లాం షాపులోనే పోట్లాడుకుంటారు. పొగ ఎటు పోతుందని అడిగిన మహానుభావుణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు.

రవీందర్ పని నేర్చుకున్నది మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో. ఊకను గాలితో తోసే పెద్ద గొట్టాలు బిగించేవాడు. గొట్టం ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే గాలి అంత బాగా పోతుందనీ, వంపు పెట్టిన చోటల్లా సరుకు అడ్డం పడుతుందనీ అక్కడే తెలుసుకున్నాడు. వంటింట్లో ఊకకు బదులు నూనె జిడ్డు, అంతే తేడా. మనిషి కూడా సరదా మనిషి. గోడ తొలవగానే ఆ కన్నంలోంచి పక్కింటివాళ్లను పలకరించి, "ఇయ్యాల ఏం కూరక్కా?" అని అడిగేవాడు. సాయంత్రం షాపుకొచ్చి ఎవరింట్లో ఏం వండారో నాకు అప్పజెప్పేవాడు.

పోయిన చలికాలంలో వాడి భార్య శిరీష బాత్‌రూములో చనిపోయింది. గ్యాస్ గీజర్ వల్ల అన్నారు. దాని పొగలో ఒక విషపు గాలి ఉంటుందట, రంగూ వాసనా ఏమీ ఉండవట. వచ్చినవాళ్లందరూ గీజర్‌ను తిట్టారు, నేనూ తిట్టాను. వాళ్ల కూతురు చిట్టి అప్పుడు బడిలో ఉంది. దినాలు కాగానే అమ్మమ్మ బుచ్చమ్మ పిల్లను తుంగతుర్తి తీసుకుపోయింది. "జూన్‌ల బడి మొదలైనంక తీస్కపోదువు అల్లుడా," అంది. రవీందర్‌కు ఇక మిగిలింది ఆ మాట ఒక్కటే.

వాడు ఏడవలేదు. పిల్లను పంపిన మర్నాడే పనిలోకి వచ్చాడు. ఒకసారి డ్రిల్లు జారి బొటనవేలు చీరుకుంటే, కారుతున్న రక్తం ఎవరిదో అన్నట్టు చూస్తూ నిలబడ్డాడు. నేనే పరుగెత్తి గుడ్డ చుట్టాను. డబ్బాలో పప్పు పాచిపోయినా తినేవాడు. "అరే, వాసన వస్తలేదారా?" అని అడిగితే, "వస్తుందన్నా," అంటూ ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడిచేవాణ్ణి ఓదార్చవచ్చు, తాగేవాణ్ణి తిట్టవచ్చు. ఏమీ చేయనివాణ్ణి ఏం చేయాలి?

పైగా కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. ఎవరింటికి వెళ్లినా సామాను దించకముందే కిటికీలన్నీ తెరిచి చూసేవాడు. గీజర్ ఎక్కడుంది, వెంటిలేటర్లు మూసేశారా అని ఆరా తీసేవాడు. పోలీసును పంపావా, ఫిట్టర్‌ను పంపావా అని జనం నాకు ఫోన్లు చేసేవాళ్లు. పెళ్లాం పోయిన భయం, నాలుగు రోజులు పోతే అదే తగ్గుతుందిలే అనుకున్నాను.

మే నెలలో కోదాడ నుంచి రాజమ్మ గారు ఫోన్ చేశారు. కొత్త ఇల్లు, గురువారం గృహప్రవేశం. "మీ మనిషేంటండీ, బిగించనని సామాను ముందేసుకుని కూర్చున్నాడు?" అన్నారు. తిట్టుకుంటూ బస్సెక్కాను.

వెళ్లి చూస్తే సంగతి ఇది. ఆగ్నేయం మూల పొయ్యి, దాని వెనక తూర్పు గోడ. ఆ గోడకు కన్నం పెడితే ఇంటికి అరిష్టమని వాస్తు చూసినాయన చెప్పాడట. అందుకని చిమ్నీ పైపును బయటికి తీయకుండా, పైన సామాన్లు పెట్టుకునే సజ్జ మీదే వదిలేయమంటున్నారు. దోమలు రాకూడదని కిటికీలకు తెరుచుకోని అద్దాలు వేయించారు. వంటింటిని ఆనుకునే బాత్‌రూము, అందులో గ్యాస్ గీజర్.

"సజ్జ మీద ఇడిస్తే జిడ్డంత గాడనే పేరుకుంటదమ్మా. ఎప్పుడో ఒకనాడు అంటుకుంటది," అన్నాడు రవీందర్.

"సరేనయ్యా, ఇంకో గోడకు పెట్టుకో. వాస్తు ఆయన్ని నేను అడుగుతాను. అప్పుడు బిగిస్తావుగా?"

"కిటికీ తెరుసుకునేటట్టు జేస్తేనే బిగిస్త. చిమ్నీ ఇంట్ల గాలినంత బయటికి గుంజుతది. మల్ల లోపలికి గాలి ఎటునుంచి వస్తది?"

"గాలిదేముందయ్యా, అదే వస్తుంది."

"వస్తదమ్మా. ఎటు సందు దొరికితే అటునుంచి వస్తది. మా ఇంట్ల గీజర్ పైపులకెల్లి వచ్చింది."

రాజమ్మ గారు నా వైపు చూశారు. నాకూ అర్థం కాలేదు.

"చిమ్నీ నేనే బిగించిన. పెద్ద మోటరుది. దోమలొస్తున్నయని వెంటిలేటర్లకు టేపు ఏసింది గూడ నేనే. చలికి కిటికీలు మూసినం. మా ఆమె కూర పొయ్యి మీద పెట్టి, చిమ్నీ ఏసి, తానం జెయ్య పోయింది. గీజర్ పొగ దాని పైపుల నుంచి బయటికి పోవాలె. చిమ్నీ దాన్ని ఎనుకకు గుంజింది. తలుపులు పలగ్గొట్టి పోయేసరికి చిమ్నీ ఇంక తిరుగుతనే ఉంది."

ఇదంతా వాడు కరెంటు బిల్లు చదివినట్టు చెప్పాడు. ఇన్ని నెలలు మేమంతా గీజర్‌ను తిడుతుంటే పక్కనే కూర్చుని విన్నాడు. ఒక్కసారి కూడా కాదనలేదు, అవుననలేదు. నాకు జాలి కంటే ముందు భయం వేసింది. రాజమ్మ గారు లోపలికి వెళ్లి, కిటికీ అద్దాలు మార్చాలని మేస్త్రీకి ఫోన్ చేశారు. గీజర్ కూడా కరెంటుది పెట్టిస్తామన్నారు. చిమ్నీ పైపును పొయ్యి పక్కనున్న దక్షిణం గోడలోంచి బయటికి తీశాం.

తిరుగు ప్రయాణంలో బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే వాడే అన్నాడు, "అత్తమ్మకు జెప్పాలన్నా."

"పిచ్చి లేసిందా? కడుపు చింపుకుంటే కాళ్ల మీద పడ్తది. సెప్తే పిల్లను పంపుతదా?"

"పంపకపోవచ్చు."

"మరి?"

"సెప్పకుంట తెచ్చుకుంటే, దాని మొకం ఎట్ల సూసుడు?"

నేను చెప్పగలిగిందంతా చెప్పాను. పోయినామె తిరిగి రాదన్నాను, తల్లి లేని పిల్లకు తండ్రినన్నా మిగలనీయమన్నాను. వాడు వింటూ చాయ్ తాగాడు, గ్లాసు కడిగి పెట్టాడు. ఆదివారం నా బండి మీదే తుంగతుర్తి తీసుకుపోయాను. ఒంటరిగా పంపడానికి మనసు ఒప్పలేదు.

బుచ్చమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు కొడుతోంది. చిట్టి ఎదురొచ్చి నోరు తెరిచి, ఊగుతున్న పన్ను చూపించింది. "మంచిగుంది," అన్నాడు రవీందర్. పిల్ల కాసేపు వాడి ముఖంలోకి చూసి, పక్కింట్లోకి ఆడుకోవడానికి పోయింది.

అప్పుడు చెప్పాడు. కోదాడలో చెప్పిన మాటలే, అదే గొంతుతో. బుచ్చమ్మ చేతిలో సుత్తి ఆగిపోయింది. లేచి వాణ్ణి కొడుతుందేమోనని నేను ముందుకు జరిగాను. ఆమె నేల చూస్తూ ఒకటే అడిగింది.

"దానికి నొప్పి తెల్సిందా?"

"లేదత్తమ్మ. నిద్రొచ్చినట్టు ఉంటదట. ఏం తెల్వదట."

"మరి నీకు?"

"నాకేంది?"

"నీకు నొప్పి తెలుస్తుందా అని అడుగుతున్న."

వాడు నిజంగానే ఆలోచించాడు. అబద్ధం ఆడితే సరిపోయేది. తెలుస్తుందత్తమ్మా అంటే ఎవరు కాదంటారు?

"తెలుస్తలేదు," అన్నాడు.

బుచ్చమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నిన్ను తిట్టబుద్ధైతలేదు బిడ్డా. కావాల్నని జేసినవా? ఇంట్ల దోమలుంటే ఎవరైనా మూస్తరు. గని పిల్లనైతే ఇప్పుడు పంప. రాత్రి లేసి అమ్మా అని ఏడుస్తది అది. పక్కన నువ్వు గోడ లెక్క కూసుంటే దాని గతేంది? నీకు ఏడుపొచ్చిననాడు రా. ఏ నెలన్న గానీ, అప్పుడు తీస్కపో."

"సరే అత్తమ్మ," అని వాడు లేచాడు.

నాకు ఆమెతో పోట్లాడాలనిపించింది, వాణ్ణి పట్టుకుని కుదపాలనిపించింది. రెండూ చేయలేదు. ఆమె అన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. బండి తీస్తుంటే చిట్టి చెప్పులేసుకుని పరుగెత్తుకొచ్చింది. ఎవరు చెప్పారో, బట్టల సంచి కూడా తెచ్చుకుంది.

"పోదామా నాన్నా?"

"ఇప్పుడు గాదు బిడ్డా."

"మరి ఎప్పుడు?"

రవీందర్, నువ్వన్నా చెప్పన్నా అన్నట్టు నా వైపు చూశాడు. వాడి కళ్లు పొడిగానే ఉన్నాయి. నేను పిల్ల చేతిలోని సంచి అందుకోబోయి, అక్కడే రోడ్డు మీద, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను.