బెల్లం జీడి

మాకు స్కూల్ కౌన్సెలింగ్ ట్రైనింగ్ ఇచ్చిన మేడం హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ కోటప్పకొండ తిరునాళ్ళ బెల్లం జీళ్ళే. నరసరావుపేట స్కూల్లో నేను పిల్లలతో మాట్లాడే ముందు, "నోరు తెరువమ్మాయ్" అని ఒకటి పెట్టేది. పళ్ళు అతుక్కుపోయేవి. ఏంది మేడం ఇది అంటే, "నీకు నోరెక్కువే" అనేది.

బడి మానేస్తానన్న తొమ్మిదో తరగతి పిల్ల వచ్చిన రోజు నా దగ్గర సలహాలు చానా ఉన్నాయి. నోట్లో జీడి అతుక్కుని ఒక్కటీ బయటికి రాలా. ఆ పిల్ల నన్ను జాలిగా చూసి, "మాట రావట్లేదా అక్కా? పర్లేదులే, నేను చెప్తా" అని ఇంట్లో గొడవంతా చెప్పుకుంది. మర్నాడు బడికొచ్చింది.

ట్రైనింగ్ ఆఖరి రోజు మేడం నా పెళ్ళి గురించి సలహాలు మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదే! నేను ఆవిడ బ్యాగు తెరిచి, ఒక జీడి తీసి, "నోరు తెరవండి మేడం" అన్నా.