రేకు గుర్రబ్బండికి నేనేసిన రంగు

మా పక్కింటి కాక చనిపోయాడని పోయిన నెలలో ఒక పొద్దున ఫోనొచ్చింది. అప్పుడే గోదావరిఖనిలో నా బండ్ల పెయింటింగు షెడ్డు తెరుస్తున్నాను. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. చేతిలో పని సగంలో వదిలి ఎట్లా పోతాడు?

కాక బొగ్గుబాయిలో ఫిట్టరు. రిటైరయ్యాక, కీ తిప్పితే నడిచే పాత రేకు బొమ్మలు బాగుచేసేవాడు. వాటిలో ఒక గుర్రబ్బండి అంటే ప్రాణం. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో చేసిందట, హైదరాబాద్ పాత సామాన్ల బజార్లో దొరికింది. విరిగిన స్ప్రింగు బదులు గడియారాల స్ప్రింగులు కోసి, అరగదీసి, రెండేళ్లు తంటాలుపడి దాన్ని నడిపించాడు. కీ మూడు చుట్లు దాటనిచ్చేవాడు కాదు. "ఇనుముకు గుడ అలుపుంటది బిడ్డా" అనేవాడు.

నిరుడు ఆయాసంతో దవాఖానలో చేరాడు. తిరిగొచ్చేసరికి సంతోషపెడదామని, ఆయన భార్య చిన్నమ్మనడిగి ఆ బండిని షెడ్డుకు తెచ్చాను. వెలిసిన రంగును గరుకు కాగితంతో రుద్ది, ఎర్రగా మెరిసేలా కొత్త రంగేశాను.

ఇంటికొచ్చిన కాక బండిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచిగ లేదా కాకా?"

"మంచిగనే ఉన్నది. గాని ఎందరు పిల్లలు పట్టుకుంటె అరిగిందో, ఆ అరుగుడంత పోయింది గదరా."

"ముందుగాల చెప్పద్దా మరి?"

"నువ్వడిగితె గద చెప్పేది."

ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. తిట్టలేదన్న కోపం నాకిప్పటికీ పోలేదు.

మర్నాటి నుంచి దూదికి థిన్నరు అద్ది నా రంగును తుడవడం మొదలుపెట్టాడు. ఆ వాసనకు దగ్గు ముంచుకొచ్చేది. నేను చేస్తానంటే, "నీది జల్ది చెయ్యి, ఆగు" అని ఇచ్చేవాడు కాదు. ఒకరోజు గోడ మీది నుంచి కేకేశాడు. వెళ్లి చూస్తే గుర్రం మెడ దగ్గర నా ఎరుపు కింద నుంచి గోరంత పాత నీలం రంగు బయటపడింది.

"ఉన్నదిరా! మొత్తం పోలే."

ఆ నవ్వు తర్వాత ఎక్కువ రోజులు లేడు.

దినాలయ్యాక చిన్నమ్మ బండిని నా ముందు పెట్టి, "ఇగ నువ్వే తుడువు" అంది. రోజూ మధ్యాహ్నం షెడ్డు మూసి వాళ్లింటికి వెళ్తున్నాను. కొంచెం గట్టిగా రుద్దితే ఎరుపుతో పాటు నీలమూ వచ్చేస్తోంది. విసుగొచ్చి ఎన్నిసార్లు పక్కకు నెట్టానో! చిన్నమ్మ ఎదురుగా పీట మీద కూర్చుని, దూది తెంపి చిన్న చిన్న ఉండలు చేసి, ఒక్కొక్కటీ నా పక్కనున్న పళ్లెంలో పెడుతూ ఉంటుంది.