ఆ పేరు ఉంచమన్నందుకు

ఆఫీసులో కరెంటు పోగానే యూపీఎస్ కీచుమనడం మొదలుపెడుతుంది. పక్కవాళ్లు చెవులు మూసుకుంటారు. నాకు మాత్రం ఉదయగిరి కొండ కింద మా డిగ్రీ కాలేజీ ల్యాబు కళ్ల ముందుకొస్తుంది. వేడెక్కిన మానిటర్ల దుమ్ము వాసన, కిటికీలోంచి కొట్టే వడగాలి, చేతిలో పెన్‌డ్రైవ్‌తో వసుంధర మేడం. "ఇది ఆగిపోయేలోపల ఇంకో పది లైన్లు చదవచ్చు, చదవండి" అనేవారు. చదువు చెప్పినవాళ్లను తలుచుకుంటే మనసు చల్లబడుతుందంటారు. ఆవిణ్ణి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ కాలేజీ ఆవిడకు చేసినదానికి, ఆ రోజు నేను చేసినదానికి కూడా.

మేడంది ఆత్మకూరు. ఇనుప సామాన్ల కొట్టు ఉన్న కుటుంబం. ఆడపిల్ల కొట్టులో కూర్చోకుండా ఎక్కడో ఉదయగిరిలో పాఠాలు చెప్పడమేమిటని ఇంట్లో గొణుగుడు. అయినా పొద్దున్నే బస్సెక్కి వచ్చేవారు. మా ల్యాబులో ఇంటర్నెట్ పేరుకే ఉండేది కాబట్టి ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు, అంటే రాసినవాళ్లు దాచుకోకుండా ఎవరైనా చదువుకోండి, వాడుకోండి అని లోకానికి వదిలేసినవి, వాటిని లోపల రాసిన లైన్లతో, అంటే సోర్స్ కోడ్‌తో, వివరాల పుస్తకాలతో సహా ఇంటి దగ్గర దింపుకుని పెన్‌డ్రైవ్‌లో మోసుకొచ్చేవారు.

ఒకరోజు నా ప్రోగ్రాం మొరాయించింది. పరుగెత్తుకెళ్లి, "మేడం, ఇది పనిచేయడం లేదు" అన్నాను.

"ఏమంటా ఉండాది?"

"ఏదో ఎర్రర్ మేడం."

"ఏదో ఏంది? చదువు. ఆ మాట ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఎవరో ఒక మనిషి కూర్చుని రాసినారు. ఎక్కడ రాసినారో వెతుకు."

ఆ ఎర్రర్ వాక్యాన్నే తీసుకుని ఆ సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ అంతా వెతికించారు. వేల ఫైళ్లలో ఒక్కచోట దొరికింది. దాని పైన రాసినాయన చిన్న గమనిక పెట్టాడు: ఇక్కడ తేదీ ఖాళీగా వస్తే ఏమవుతుందో నాకూ తేలలేదు, జాగ్రత్త అని. నేను ఇచ్చింది ఖాళీ తేదీనే. నాకు ముఖమైనా తెలియని ఒక మనిషి నాకోసమే చెప్పిపెట్టినట్టు అనిపించింది. ఆ మధ్యాహ్నం నుంచే నాకు ఈ పని మీద ప్రేమ పుట్టింది.

చివరి ఏడు కాలేజీకి తనిఖీ బృందం వస్తుందన్నారు. కరస్పాండెంట్ గారు ఎక్కడినుంచో లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఒకటి తెప్పించి, దాన్ని మా విద్యార్థులే తయారుచేశారని చెప్పాలన్నారు. ధైర్యంగా మాట్లాడతానని, తనిఖీవాళ్లకు దాన్ని చూపించే పని నాకు అప్పగించారు. మేడం దాన్ని పది నిమిషాలు తిప్పి చూశారు. ఒక ఎర్రర్ వాక్యంలో ఇంగ్లీషు మాట స్పెల్లింగు తప్పుంది. ఆ తప్పును తప్పుగానే కాగితం మీద రాసుకుని వెళ్లి, ఆత్మకూరులో ఇంటర్నెట్‌లో ఓపెన్ సోర్స్ కోడంతా వెతికారు. మర్నాడు రెండు ప్రింట్లు తెచ్చి నా ముందు పక్కపక్కన పెట్టారు. అదే తప్పు, అవే లైన్లు. ఒకదాంట్లో మాత్రం ప్రతి ఫైలు మొదట్లో ఏదో దేశపు మనిషి పేరు, కింద ఒక విన్నపం: ఊరికే వాడుకోండి, మార్చుకోండి, ఈ పేరు మాత్రం తీసేయకండి. మా దాంట్లో సరిగ్గా ఆ లైన్లే లేవు.

నన్ను వెంటబెట్టుకుని కరస్పాండెంట్ గదిలోకి వెళ్లారు. "దీన్ని వాడుకోవడం తప్పు కాదు సార్. ఆయన పేరు తిరిగి పెట్టి, పిల్లలు నేర్చుకుంటా ఉండారని చెప్దాం. అంతే" అన్నారు.

"ఎవురమ్మా వాడు? ఈడికొచ్చి అడగతాడా? పేరులో ఏముండాది?"

"ఏమీ లేకపోతే గేటు మీద మీ నాయన పేరు తీసేయండి సార్."

ఆయన ముఖం కందగడ్డయింది. మధ్యాహ్నానికి మేడం చేతికి ఇక రావద్దన్న కాగితం ఇచ్చారు. స్టాఫ్‌రూంలో ఒక్క గొంతూ లేవలేదు. నన్ను పిలిచి, "నీ సర్టిఫికెట్లన్నీ మా బీరువాలోనే ఉండాయి, గుర్తుపెట్టుకో" అన్నాడా పెద్దమనిషి. చదువుకునే పిల్ల మెడ మీద దాని చదువునే కత్తిలా పెట్టేవాణ్ణి ఏమనాలో నాకు ఈనాటికీ తెలియదు.

తనిఖీకి వచ్చినాయన మంచివాడిలా ఉన్నాడు. "నువ్వే రాశావా అమ్మా?" అని ముచ్చటగా అడిగాడు.

"అవును సార్" అన్నాను. చప్పట్లు కొట్టారు.

సర్టిఫికెట్లు చేతికొచ్చాక ఆత్మకూరు వెళ్లాను. మేడం కొట్టులో గొళ్లేలు విడదీసి సర్దుతున్నారు. చెప్పాల్సింది చెప్పి ఏడ్చాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు.

"నాకు చెప్తే ఏమొస్తుంది? ఆయన పని నీదని చెప్పినావు. ఆయనకు రాయి."

కొట్టులోని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రాయించారు. నా వంకర ఇంగ్లీషులో ఆ దూరదేశపు మనిషికి జరిగినదంతా రాశాను. జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు. "జవాబు కోసం రాయించలేదులే" అని మేడం నాకు టీ తెప్పించారు.

ఆ తర్వాత ఆవిడను మళ్లీ ఏ కాలేజీ పిలవలేదు. నోరు పెద్దదని ఆ చుట్టుపక్కల ప్రచారం చేశారట. ఒక పేరు ఉంచమన్న మనిషికి పేరు చెడగొట్టారు. కొట్టు పైన గదిలో చేజర్ల, జలదంకి నుంచి వచ్చే ఆడపిల్లలకు పాఠాలు చెప్తున్నారిప్పుడు. వీలైన ఆదివారాలు నేనూ వెళ్తాను.

పోయిన నెల ఆ కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా రావాలట. "మా కాలేజీ తయారుచేసిన అమ్మాయని బ్యానర్ కూడా కొట్టిస్తన్నాం మేడం" అన్నాడు అవతలి మనిషి. నన్నూ మేడం అనే రోజొచ్చింది.

"దాని మీద ఎవరు తయారుచేశారో కూడా వేయండి. వసుంధర గారని. వేస్తే వస్తాను."

"ఆ పేరంటే పెద్దాయనకు పడదు మేడం. అదొక్కటీ వదిలేయండి" అన్నాడు గొంతు తగ్గించి.

"అదొక్కటీ వదలను" అని పెట్టేశాను. ఈసారి నాకు నోరు పెగిలింది.